అమెరికా కాలేజీ హాకీ కిరీటం: 44 ఏళ్లుగా పన్నెండు యూనివర్సిటీల మధ్యే ఎందుకు తిరుగుతోంది?

క్లుప్తంగా: అమెరికాలో ఫీల్డ్ హాకీ దాదాపు పూర్తిగా అమ్మాయిల ఆట. అక్కడ దానికి ప్రొఫెషనల్ లీగ్ లేదు కాబట్టి నవంబరులో జరిగే ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలను నడిపే జాతీయ సంస్థ) డివిజన్ 1, అంటే పై స్థాయి చాంపియన్‌షిప్పే చాలామందికి ఆఖరి మెట్టు. 1981 నుంచి 2024 వరకు 44 టైటిళ్లలో 28 మూడు యూనివర్సిటీలకే వెళ్లాయి. ఆటను ఇన్నాళ్లు నిలబెట్టింది టికెట్ల డబ్బు కాదు. 1972లో వచ్చిన ఒక చట్టం, దాని పక్కనే అమెరికన్ ఫుట్‌బాల్ తెచ్చే ఆదాయం. ఆ ఆదాయం పంపకం 2025లో మారింది, అందుకే ఇప్పుడు ఈ టోర్నీ గురించి మాట్లాడుకోవాలి.

2024 జనవరి 13న రాంచీలో ఒలింపిక్ క్వాలిఫయర్ మొదటి మ్యాచ్‌లోనే భారత మహిళల జట్టు అమెరికా చేతిలో 0-1తో ఓడిపోయింది. గోల్ కొట్టిన ఎబిగేల్ టేమర్ మిషిగన్ యూనివర్సిటీ ప్లేయర్. ఆ టోర్నీలో జర్మనీ, అమెరికా, జపాన్ పారిస్ టికెట్ పట్టుకెళ్లాయి, టోక్యోలో నాలుగో స్థానం దాకా వెళ్లిన మన జట్టు ఇంట్లోనే ఆగిపోయింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2019 నవంబరులో భువనేశ్వర్‌లో ఇదే అమెరికాను రెండు మ్యాచ్‌లు కలిపి 6-5తో ఓడించి మనవాళ్లు టోక్యో వెళ్లారు.

హాకీకి లీగ్ లేని, టీవీలో కనపడని, అసలు హాకీ అంటే మంచు మీద ఆడేదే అనుకునే దేశం నుంచి ఇలాంటి జట్టు ఎలా వస్తోంది? జవాబు దాదాపు మొత్తం కాలేజీల్లోనే ఉంది. న్యూజెర్సీలోనో పెన్సిల్వేనియాలోనో ఉండే తెలుగు కుటుంబాలకు ఇది ఇంకో రకంగా ఎదురవుతుంది. స్కూల్లో ఆటలకు పేర్లు ఇచ్చేటప్పుడు ఫీల్డ్ హాకీ అమ్మాయిల జాబితాలో మాత్రమే ఉంటుంది, అబ్బాయిల జాబితాలో ఉండదు. ధ్యాన్‌చంద్ పేరు వింటూ పెరిగిన తండ్రికి ఇది మొదట్లో అర్థం కాదు.

అబ్బాయిలు ఎందుకు లేరు

దీని వెనక ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ ఉంది. కాన్‌స్టెన్స్ యాపిల్‌బీ 1901లో వ్యాయామ విద్య కోర్సు కోసం హార్వర్డ్ వేసవి తరగతులకు వచ్చి, అక్కడ ఈ ఆటను ఆడి చూపించింది. ఆ తర్వాత వాసర్, బ్రిన్ మార్ లాంటి మహిళా కాలేజీలు ఆమెను పిలిపించుకున్నాయి. అప్పటికే అబ్బాయిలకు ఫుట్‌బాల్, బేస్‌బాల్ స్థిరపడి ఉన్నాయి, అమ్మాయిలకు మాత్రం పరుగెత్తి, చెమటోడ్చి ఆడే జట్టు ఆట పెద్దగా లేదు. ఆ ఖాళీలోకి హాకీ వెళ్లి కూర్చుంది. ఇండియాకు సైన్యం కంటోన్మెంట్ల ద్వారా, అంటే మగవాళ్ల ద్వారా వచ్చిన ఆట, అమెరికాకు మహిళా కాలేజీల ద్వారా వెళ్లింది. ఒకే ఆట, రెండు దారులు, ఆ తేడా నేటికీ పోలేదు.

అమెరికా మగవాళ్లు అసలు ఆడలేదని కాదు. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో భారత్ 24-1తో ఓడించింది వాళ్లనే. మొత్తం మూడు జట్లే రావడంతో వాళ్లకు కాంస్యం కూడా దక్కింది. కాలేజీల్లో మాత్రం మగవాళ్ల హాకీకి ఎన్‌సీఏఏ చాంపియన్‌షిప్ లేదు.

యాపిల్‌బీ 107 ఏళ్లు బతికి 1981 జనవరిలో చనిపోయింది. అదే ఏడాది నవంబరులో ఎన్‌సీఏఏ మొదటి మహిళల హాకీ చాంపియన్‌షిప్ జరిగింది, కనెక్టికట్ యూనివర్సిటీ గెలిచింది. అంతకుముందు మహిళల కాలేజీ క్రీడలను ఏఐఏడబ్ల్యూ అనే వేరే సంస్థ నడిపేది. ఎన్‌సీఏఏ ఆ రంగంలోకి దిగాక అది నిలబడలేక మూతపడింది.

చట్టం, ఫుట్‌బాల్, మధ్యలో హాకీ

అసలు కీలకం ఇక్కడుంది. 1972లో వచ్చిన టైటిల్ 9 అనే చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపకూడదు. ఆటలకూ అది వర్తిస్తుంది. చట్టాన్ని పాటిస్తున్నామని చూపించడానికి యూనివర్సిటీలకు ఉన్న దారుల్లో ఒకటి తలల లెక్క: కాలేజీలో చదివేవాళ్లలో అమ్మాయిలు ఎంత శాతమో, ఆటగాళ్లలోనూ సుమారుగా అంత శాతం ఉండాలి.

ఇప్పుడు ఫుట్‌బాల్‌ను చూడండి. పెద్ద యూనివర్సిటీలో ఫుట్‌బాల్ జట్టు ఒక్కటే వంద మందికి పైగా ఉంటుంది, అందరూ మగవాళ్లే. చాలా ఏళ్లు ఆ ఒక్క ఆటకే 85 పూర్తి స్కాలర్‌షిప్పులు ఇచ్చేవాళ్లు. దానికి సమానంగా అమ్మాయిల వైపు అంత పెద్ద ఆట ఏదీ లేదు. కాబట్టి పాతిక మందికి అటూఇటూగా పట్టే జట్టు ఆటలు నాలుగైదు పెట్టుకోవాలి. హాకీ అందులో బాగా ఇమిడింది: జట్టు పెద్దది, పోటీగా అబ్బాయిల జట్టు లేదు, అంటే చేర్చిన ప్రతి ప్లేయరూ అమ్మాయిల లెక్కలోనే పడుతుంది. పాత నిబంధనల్లో డివిజన్ 1 హాకీ జట్టుకు 12 పూర్తి స్కాలర్‌షిప్పుల పరిమితి ఉండేది, దాన్నే కోచ్ ఇరవై మందికి పైగా ముక్కలు చేసి పంచేది. ఒకరికి సగం ఫీజు, ఇంకొకరికి పావు వంతు, కొందరికి ఏమీ ఉండదు.

అంటే ఈ ఆటకు అయ్యే ఖర్చు ఈ ఆట సంపాదించదు. ఫుట్‌బాల్, మగవాళ్ల బాస్కెట్‌బాల్ టీవీ డబ్బు తెస్తాయి, అందులోంచి హాకీ నడుస్తుంది. దీన్ని దయాదాక్షిణ్యంగా చూడటం సరికాదు, అది చట్టం ప్రకారం అమ్మాయిలకు దక్కాల్సిన అవకాశం. కానీ డబ్బు ఒక చోట పుట్టి ఇంకో చోట ఖర్చవుతున్నప్పుడు ఎవరి మాట చెల్లుతుందో ఊహించడం కష్టమేం కాదు. 2019 సెప్టెంబరులో ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీ మైదానంలో మెయిన్, టెంపుల్ యూనివర్సిటీల జట్ల మధ్య హాకీ మ్యాచ్ 0-0తో ఎక్స్‌ట్రా టైమ్ దశకు వచ్చింది. అక్కడితో మ్యాచ్ ఆపేశారు. పక్కనే జరగబోయే ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ముందు బాణసంచా కాల్చాలి, అందుకు మైదానం ఖాళీ చేయాలి అన్నారు. ఆ అమ్మాయిలు సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. తర్వాత గొడవ అయింది, యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది. ఆ మ్యాచ్‌కు ఫలితం మాత్రం తేలలేదు.

18 జట్ల టోర్నీ ఎలా నడుస్తుంది

ఆగస్టు చివర్లో సీజన్ మొదలవుతుంది. రెండు నెలలు కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు (కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి కట్టుకున్న కూటమి, మన క్రికెట్‌లో జోన్ లాంటిది అనుకోవచ్చు, కాకపోతే ఇక్కడ కూటమిని నిర్ణయించేది భూగోళం కాదు, టీవీ ఒప్పందం). నవంబరు మొదట్లో కాన్ఫరెన్స్ టోర్నీలు అయ్యాక 18 జట్ల పేర్లు ప్రకటిస్తారు. అర్హత ఉన్న కాన్ఫరెన్సుల విజేతలు నేరుగా వస్తారు, మిగిలిన చోట్లను ఎంపిక కమిటీ నింపుతుంది.

తగువంతా ఆ మిగిలిన చోట్ల దగ్గరే. డివిజన్ 1లో ఆడే జట్లు సుమారు 80. ఓటమి పాలైన మంచి జట్లలో ఎవరు మెరుగో తేల్చడానికి కమిటీ చూసేవాటిలో ప్రధానమైనది ఆర్‌పీఐ అనే కొలమానం. ఇందులో మూడు భాగాలుంటాయి: మీరు ఎన్ని గెలిచారు, మీరు ఆడిన జట్లు ఎన్ని గెలిచాయి, ఆ జట్లు ఆడిన జట్లు ఎన్ని గెలిచాయి. పైకి న్యాయంగానే కనపడుతుంది. కానీ ఒకే బలమైన కాన్ఫరెన్సులో ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు ఆడుకుంటూ ఒకరి అంకెను ఒకరు పైకి లేపుకుంటారు. ఏసీసీ, బిగ్ టెన్ లాంటి పెద్ద కాన్ఫరెన్సుల్లో ఐదారు ఓడిన జట్టు కూడా టోర్నీకి వస్తుంది. చిన్న కాన్ఫరెన్సులో రెండే ఓడినా, చివరి టోర్నీ ఫైనల్లో ఒక్క గోల్ తేడాతో పోయిన జట్టు ఇంటికెళ్లిపోతుంది. చిన్న జట్టు పెద్ద జట్లతో మ్యాచ్‌లు పెట్టుకోవచ్చు కదా అంటే, పెద్ద జట్టు దానికి ఒప్పుకోవాలి, ప్రయాణం ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది తేలాలి.

18లో నాలుగు జట్లు ముందు రెండు మ్యాచ్‌లు ఆడతాయి, అక్కడి నుంచి 16 జట్ల నాకౌట్. మొదటి రెండు రౌండ్లు నాలుగు క్యాంపస్‌లలో ఒకే వారాంతంలో, శుక్రవారం ఒకటి, ఆదివారం ఒకటి. టాప్ సీడ్లు సొంత గడ్డ మీద ఆడతాయి. ఇది చిన్న విషయం కాదు. హాకీ టర్ఫ్ ఒక్కోచోట ఒక్కో వేగం, నీళ్లు కొట్టే తీరు వేరు, బంతి జారే తీరు వేరు. ఫుట్‌బాల్ స్టేడియంలో వాడే పొడవు గడ్డి టర్ఫ్ మీద హాకీ సరిగా ఆడలేరు కాబట్టి దీనికంటూ వేరే మైదానం కట్టుకున్న యూనివర్సిటీకి ఏడాదంతా లాభమే. ఆ తర్వాతి వారం సెమీస్, ఫైనల్ ముందే ఖరారైన చోట. నార్త్ కరోలినా 2018లో తన కోచ్ పేరు మీద కొత్త స్టేడియం తెరిచింది, 2023 ఫైనల్‌కు ఆ స్టేడియమే వేదిక, గెలిచిందీ నార్త్ కరోలినానే.

మ్యాచ్ నిబంధనలు ఎక్కువ భాగం అంతర్జాతీయ హాకీలాగే ఉంటాయి. 2019 నుంచి 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. పెద్ద తేడా టై అయినప్పుడు వస్తుంది. ప్రపంచ టోర్నీల్లో నాకౌట్ మ్యాచ్ సమమైతే నేరుగా షూటౌట్. ఇక్కడ ముందు పది నిమిషాల ఎక్స్‌ట్రా టైమ్ ఉంటుంది, గోల్‌కీపర్‌తో కలిపి ఏడుగురే ఆడతారు, ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే మ్యాచ్. తేలకపోతే మరో పది నిమిషాలు, అప్పటికీ తేలకపోతే షూటౌట్. పదకొండు మంది ఆడే మైదానంలో ఏడుగురు అంటే మధ్యలో ఖాళీ విపరీతం. పాస్‌లతో అల్లుకుంటూ వెళ్లే జట్టు కన్నా, బంతి తీసుకుని ఒంటరిగా యాభై గజాలు దూసుకెళ్లగల ప్లేయర్ ఉన్న జట్టుకు ఇది వరం. పైగా అప్పటికి అరవై నిమిషాలు ఆడి ఉంటారు, కాళ్లు బరువెక్కి ఉంటాయి, ఆరోజు బెంచి మీద ఎవరున్నారన్నదే ఫలితం. కరోనా వల్ల 2020 సీజన్ ఫైనల్ 2021 మేలో జరిగింది, నార్త్ కరోలినా 4-3తో మిషిగన్‌ను ఓడించింది ఎక్స్‌ట్రా టైమ్‌లోనే. 2023 ఫైనల్ షూటౌట్ దాకా వెళ్లింది.

మూడు పేర్లు, 28 టైటిళ్లు

2024 వరకు లెక్క ఇది. నార్త్ కరోలినా 11, ఓల్డ్ డొమినియన్ 9, మేరీల్యాండ్ 8, కనెక్టికట్ 5, వేక్ ఫారెస్ట్ 3, నార్త్‌వెస్టర్న్ 2. అయోవా, జేమ్స్ మాడిసన్, మిషిగన్, ప్రిన్స్‌టన్, సిరక్యూస్, డెలవేర్ ఒక్కోటి. మొత్తం పన్నెండు యూనివర్సిటీలు. మ్యాపు మీద చూస్తే అయోవా కంటే పడమట ఒక్కటి కూడా లేదు.

ఒకే చోట ఇన్ని టైటిళ్లు పోగవడానికి మొదటి కారణం కోచ్‌లు. ఓల్డ్ డొమినియన్ తొమ్మిదీ బెత్ ఆండర్స్ హయాంలోనే వచ్చాయి. నార్త్ కరోలినాకు కారెన్ షెల్టన్ 1981లో వచ్చి 42 సీజన్లు ఉండి పది టైటిళ్లు తెచ్చింది. ఇద్దరూ 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన అమెరికా జట్టు సభ్యులు. నార్త్‌వెస్టర్న్ కోచ్ ట్రేసీ ఫుక్స్ కూడా రెండు ఒలింపిక్స్ ఆడింది. ప్రొఫెషనల్ లీగ్ లేని దేశంలో ఆట మీద బతకాలనుకునే ఒలింపియన్‌కు ఉన్న ఉద్యోగం కాలేజీ కోచింగే, అందుకే అత్యున్నత స్థాయి అనుభవం మొత్తం ఒక పది క్యాంపస్‌లలో స్థిరపడిపోయింది, దశాబ్దాల పాటు కదల్లేదు.

రెండోది ప్లేయర్లు ఎక్కడి నుంచి వస్తారన్నది. హైస్కూల్ హాకీ ఈశాన్య రాష్ట్రాల్లో, వర్జీనియాలో, కాలిఫోర్నియాలోని కొన్ని పాకెట్లలో మాత్రమే గట్టిగా ఉంది. పెన్సిల్వేనియా లాంటి చోట ప్రతిభ ఉన్న అమ్మాయిలు లెక్కపెట్టేంత మందే ఉంటారు, వాళ్లందరికీ ఎవరు గెలుస్తున్నారో తెలుసు. ఎరిన్ మాట్సన్ దీనికి బాగా సరిపోయే ఉదాహరణ. నార్త్ కరోలినాకు ఆడుతూ 2018, 2019, 2020, 2022 టైటిళ్లు గెలిచింది. 2018, 2019 సీజన్లు రెండూ ఒక్క ఓటమి లేకుండా 23-0. 2022 ఫైనల్లో నార్త్‌వెస్టర్న్ మీద ఇంకా రెండు నిమిషాలు కూడా మిగలని సమయంలో గెలుపు గోల్ తనదే. షెల్టన్ రిటైర్ అయ్యాక 2023 జనవరిలో, 22 ఏళ్లకే, అదే జట్టుకు హెడ్ కోచ్ అయింది. నిన్నటిదాకా పక్కన ఆడినవాళ్లకే కోచ్‌గా నిలబడి ఆ నవంబరులో టైటిల్ కొట్టింది.

మూడోది విదేశీ ప్లేయర్లు. నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీ, అర్జెంటీనా లాంటి దేశాల్లో క్లబ్ హాకీ బలంగా ఉంటుంది కానీ ఆటతో పాటు డిగ్రీ ఫీజు ఎవరూ కట్టరు. అమెరికా కడుతుంది. పెద్ద జట్ల ఆధిపత్యమనే గోడకు ఇది రంధ్రం లాంటిది, చిన్న యూనివర్సిటీలు దీన్ని వాడుకుని పెద్దవాటితో తలపడుతున్నాయి. 2024లో ఫిలడెల్ఫియాకు చెందిన సెయింట్ జోసెఫ్స్ ఫైనల్ దాకా వచ్చింది. ఫైనల్లో నార్త్‌వెస్టర్న్ చేతిలో 0-5తో ఓడింది, అయినా అంత చిన్న కాన్ఫరెన్స్ నుంచి అక్కడిదాకా రావడం మామూలు విషయం కాదు.

ఇండియాతో పోలిస్తే

మన దగ్గరా యూనివర్సిటీల మధ్య హాకీ ఉంది, 2020 నుంచి ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ కూడా ఉన్నాయి. కానీ జాతీయ జట్టుకు దారి అటునుంచి కాదు. ఒడిశా, జార్ఖండ్ హాస్టళ్లు, హరియాణాలో రాణీ రాంపాల్ ఆట నేర్చుకున్న షాబాద్ లాంటి ఊళ్లు, స్పోర్ట్స్ అథారిటీ కేంద్రాలు, ఆ పైన రైల్వే ఉద్యోగం. చిత్తూరు జిల్లా పల్లె నుంచి భారత జట్టు గోల్‌కీపర్ స్థాయికి ఎదిగిన ఎతిమరపు రజని లాంటివాళ్లు తెలుగు నేలలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే రావడానికి కారణం ప్రతిభ లేక కాదు, ఆ హాస్టళ్ల గొలుసు ఇక్కడ లేకపోవడం.

రెండు పద్ధతుల్లో తేడా వయసు దగ్గర బయటపడుతుంది. ఇండియాలో ఉద్యోగం ఉంటుంది కాబట్టి ముప్పై దాకా ఆడొచ్చు, 2025 జనవరిలో మహిళల హాకీ ఇండియా లీగ్ కూడా మొదలైంది. అమెరికాలో 22 ఏళ్లకు డిగ్రీ చేతికొస్తుంది, హాకీ అక్కడితో ఆగిపోతుంది. జాతీయ జట్టులోకి వెళ్లే కొద్దిమంది తప్ప మిగతావాళ్లు డాక్టర్లో, లాయర్లో, టీచర్లో అవుతారు. హాకీకి అది నష్టం, ఆ అమ్మాయి జీవితానికి మాత్రం లాభమే. మన దగ్గర ఆట కోసం చదువు మధ్యలో వదిలేసి, మోకాలి గాయంతో ఇరవై మూడేళ్లకే ఇంటికి చేరినవాళ్ల పరిస్థితితో పోల్చి చూస్తే ఆ డిగ్రీ విలువ తెలుస్తుంది.

2025 నుంచి ఏం మారుతోంది

2020 జులైలోనే ఒక హెచ్చరిక వచ్చింది. అమెరికాలో అత్యంత ధనిక యూనివర్సిటీల్లో ఒకటైన స్టాన్‌ఫర్డ్ డబ్బు లేదంటూ 11 ఆటలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది, అందులో హాకీ ఒకటి. పూర్వ విద్యార్థులు పోరాడాక 2021 మేలో వెనక్కి తగ్గింది. ఆ తర్వాత ఫుట్‌బాల్ టీవీ ఒప్పందాల కోసం పడమటి కాన్ఫరెన్స్ విడిపోయి, స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) 2024లో ఏసీసీలో చేరాయి. ఏసీసీ అంటే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్. పసిఫిక్ ఒడ్డున చదివే అమ్మాయిలు కాన్ఫరెన్స్ మ్యాచ్ కోసం బోస్టన్‌కో వర్జీనియాకో ఎగిరి వెళ్లి, సోమవారం క్లాసుకి రావాలి. ఫుట్‌బాల్‌కు కుదిరిన ఏర్పాటు హాకీ భుజాల మీద పడింది.

2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ (ఎన్‌సీఏఏ మీద ప్లేయర్లు వేసిన దావాలో కుదిరిన రాజీ) అంతకంటే పెద్ద మార్పు. ఇకపై యూనివర్సిటీలు ప్లేయర్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది పరిమితి ఒక్కో యూనివర్సిటీకి సుమారు 2.05 కోట్ల డాలర్లు. అందులో సింహభాగం ఫుట్‌బాల్, మగవాళ్ల బాస్కెట్‌బాల్ వైపు వెళుతుంది. స్కాలర్‌షిప్పుల మీద పాత పరిమితి పోయి, దాని బదులు జట్టులో ఎంతమంది ఉండాలన్న పరిమితి వచ్చింది. హాకీకి అది 27. కాగితం మీద చూస్తే 12 స్కాలర్‌షిప్పుల స్థానంలో 27 మందికీ పూర్తిగా ఇవ్వొచ్చు. కానీ ఇవ్వొచ్చు అనడం వేరు, ఇస్తారు అనడం వేరు. రెండు కోట్ల డాలర్లు కొత్తగా వెతుక్కోవాల్సిన యూనివర్సిటీ ముందుగా చూసేది ఆదాయం లేని ఆటల వైపే. టైటిల్ 9 ఉన్నంతకాలం అమ్మాయిల ఆటలను టోకుగా ఎత్తేయడం కష్టం కాబట్టి హాకీ ఒక్కసారిగా మాయం కాదు. ఎక్కువగా జరిగేది చీలిక: ఐదారు సంపన్న జట్లు పూర్తి స్కాలర్‌షిప్పులతో ఇంకా బలపడతాయి, మిగతావి పాత డబ్బుతోనే నెట్టుకొస్తాయి. పై లెక్కలోని పన్నెండుకు పదమూడో పేరు చేరడం ఇప్పటికంటే కష్టమవుతుంది.

ఇందులో తెలుగువాళ్లకు బాగా తెలిసిన చిక్కు ఒకటుంది: ఎఫ్-1 వీసా. ఆ వీసా మీద ఉన్న విద్యార్థి ఉద్యోగం చేయడానికి గట్టి ఆంక్షలున్నాయి. మరి యూనివర్సిటీ ఇచ్చే వాటా, కంపెనీల ప్రకటనల డబ్బు తీసుకుంటే అది ఉద్యోగం కిందకి వస్తుందా? స్పష్టమైన నియమం లేక విదేశీ ప్లేయర్లు చాలామంది దూరంగా ఉంటున్నారు. పక్కన ఆడే అమెరికన్ అమ్మాయికి అందేది, అదే చెమట చిందించే డచ్ అమ్మాయికి అందదు.

ఇక స్కూల్లో స్టిక్ పట్టిన కూతురిని చూసి కాలేజీ సీటు గురించి ఆలోచించే తల్లిదండ్రులకు ఒక చిన్న లెక్క. సుమారు 80 జట్లు, ఒక్కోదానిలో 27 మంది అనుకుంటే 2,160 చోట్లు, నాలుగేళ్ల కోర్సు కాబట్టి ఏటా ఖాళీ అయ్యేవి 540కి అటూఇటూ. అందులో విదేశాల నుంచి వచ్చేవాళ్లు, వేరే యూనివర్సిటీ నుంచి మారేవాళ్లు పోగా హైస్కూల్ నుంచి నేరుగా చేరేవాళ్లకు మిగిలేది ఇంకా తక్కువ. డివిజన్ 3లో జట్లు ఇంతకంటే ఎక్కువ, ఆట పేరు మీద స్కాలర్‌షిప్ మాత్రం అక్కడ అసలు ఉండదు.